వంక పెట్టని మనిషితో డెల్టాలో ఒక రోజు

మేకాంగ్ నది నీళ్లు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటాయి. ఆ రోజు తలుచుకుంటే ముందు నాకు ఆ రంగే గుర్తొస్తుంది. ఆ తర్వాత, పడవ ఇంజను ఆపేసినప్పుడు చెవుల్లో మిగిలిపోయిన నిశ్శబ్దం. మిగతాదంతా సగం నిద్రలో చూసినట్టే ఉంటుంది. సరిగ్గా తెల్లారకుండానే లేచి, సైగాన్ హోటల్ ముందు వ్యాను ఎక్కి, కిటికీకి తల ఆనించి కళ్లు మూశాను. తెరిచేసరికి రోడ్డుకి రెండు పక్కలా వరిచేలు, వాటి వెనక కొబ్బరితోటలు, కాలవగట్ల మీద అరటి గెలలు. రావులపాలెం దాటేశాం, ఇంక దిగడానికి సర్దుకోవాలి అనుకున్నాను. వెదురు టోపీ పెట్టుకున్న ఒకావిడ స్కూటర్ మీద రెండు బాతుల్ని వేలాడదీసుకుని పక్కనుంచి వెళ్లాక గానీ ఏ దేశంలో ఉన్నానో తెలియలేదు.

మా ఆయన పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. ఇద్దరం కోనసీమ వాళ్లమే. గోదారి పాయల మధ్య పుట్టి, ఇంగ్లండు వెళ్లి, స్లౌ స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఫ్లాట్‌లో కాపురం పెట్టాం. ఆయన ఆఫీసుకి సైగాన్‌లో ఒక టీమ్ ఉండేది. పని మీద ఆయన్ని రెండు వారాలకి పంపితే, చివర్లో నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. డెల్టా చూద్దామని పట్టుబట్టింది నేనే. ఆయనకి ఏ ఊరైనా ఒకటే అయిపోయిన రోజులవి.

లండన్ ఒలింపిక్స్ పడవ పందాలు స్లౌ పక్కనే జరిగాయి కదా, ఆ ఏడాది చలికాలంలో ఆయనకి ఫ్లూ వచ్చింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది. పోతూ పోతూ అవి ఆయన ముక్కులోంచి వాసనని కూడా వెంట పట్టుకుపోయాయి. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు.

అంతకు ముందు ఆయన వంటకి వంకలు పెట్టడంలో ఘనుడు. బయట కారిడార్‌లో ఉండగానే పోపు వాసన పట్టేసి, తలుపు తీస్తూనే ఇంగువ మర్చిపోయావని అనేవాడు. చింతపండు పాతదని చెప్పేవాడు. పప్పు అడుగంటబోతోందని నాకంటే ముందు ఆయనకి తెలిసేది. మా అత్తగారే కొడుకుని చూసి, వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట అని వెక్కిరించేది. ఇంట్లో వంటే కాదు, స్లౌలో చాక్లెట్ ఫ్యాక్టరీ నుంచి గాలిలో తేలివచ్చే తీపి వాసననీ వదిలేవాడు కాదు. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇవాళ కోకో ఎక్కువ వేయించేశారు అని తీర్పు చెప్పేవాడు. నాకేమో కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఇంట్లో భోజనమంటే రోజూ ఒక చిన్న యుద్ధం, యుద్ధం అయ్యాక పెరుగన్నం.

అలాంటి మనిషి ఆ జనవరి నుంచి ఏం పెట్టినా బాగుంది అనడం మొదలుపెట్టాడు. వంకాయ కూర బాగుంది. నిన్నటి సాంబారు బాగుంది. మొదట్లో నేను పొంగిపోయాను. ఇన్నాళ్లకి పెళ్లాం విలువ తెలిసొచ్చిందని మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఒక ఆదివారం పప్పు పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్లాను. కాసేపటికి స్మోక్ అలారం కూత. తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి వంటగది నిండా పొగ, గిన్నెలో పప్పు బొగ్గు. ఆయన వంటగదికి వీపు పెట్టి, డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. అలారం వైపే చూస్తున్నాడు, దీనికి బ్యాటరీ అయిపోయినట్టుందే అన్నాడు.

ఆయన మొహం చూశాక నాకు తిట్టాలనిపించలేదు. పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు. నాలిక మీద ఉప్పు, పులుపు, తీపి, కారం తెలుస్తున్నాయట, అంతకు మించి ఏమీ లేదట. అన్నం నమిలితే తడి కాగితం నమిలినట్టుందట. మరి బాగుంది బాగుంది అన్నారెందుకని అడిగాను.

"నువ్వు కష్టపడి చేస్తున్నావు కదే. ఇంకేం అనమంటావు," అన్నాడు.

క్లినిక్‌లో డాక్టరమ్మ వైరస్ వచ్చి తగ్గాక ఒక్కోసారి ఇలా అవుతుందని చెప్పింది. కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి రాకపోవచ్చు, మందు లేదు, ఓపిక పట్టాలి. వచ్చేటప్పుడు కూడా తిన్నగా రాదట. ఒకదాని వాసన ఇంకోదానిలా తగులుతుందట, కొందరికి కాఫీ కిరసనాయిల్లా అనిపిస్తుందట, అది సర్దుకోవడానికి ఇంకొన్నాళ్లు పడుతుందట. ఆ చివరి మాట నా బుర్రలో ముల్లులా ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన భోజనానికి ఆఫీసు మీటింగుకి వచ్చినట్టు వచ్చేవాడు. టైముకి కూర్చుని, పెట్టినంత తిని, కంచం కడిగేసి లేచిపోయేవాడు. చేపల కోసం శనివారం పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లడం మానేశాడు. ఈల వేయడం మానేశాడు. ఇంట్లో ఇద్దరం ఉన్నా ఎవరో ఒకరు ఊరెళ్లినట్టుండేది. నాకు కావలసింది ఒక్కటే. మా ఆయన నా వంటకి మళ్లీ వంక పెట్టాలి. గుడికి వెళ్లి ఇలాంటి కోరిక కోరితే దేవుడు కూడా నవ్వుకుంటాడని ఎవరికీ చెప్పలేదు.

నేను చేయగలిగింది ఒకటి చేశాను. ఆయన బదులు నేను వాసన చూసి చెప్పేదాన్ని. వాన పడ్డాక పార్కులో మట్టి వాసన వస్తోందని, పక్క ఫ్లాట్ వాళ్లు టోస్ట్ మాడ్చుకున్నారని. ఆయన రేడియోలో వార్తలు విన్నట్టు తల ఊపుతూ వినేవాడు. మేకాంగ్ మీద కూడా అదే అలవాటు. రేవులో పడవ ఎక్కగానే చెవి దగ్గరికి వంగి డీజిల్, తడి తాడు, ఎక్కడో పనసపండు అని చెప్పాను.

"పనస తొనా, పచ్చి పనసా?" అని అడిగాడు.

తొనే అన్నాను. సరే అని నది వైపు తిరిగాడు. ఆ ఒక్క ప్రశ్నకే నాకు లోపల కాస్త వెలుగొచ్చింది.

నది చాలా వెడల్పు. అవతలి గట్టు ఆకుపచ్చ గీతలా ఉంది. గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా, ఊదారంగు పూలతో, ఎవరి తొందరా లేనట్టు సముద్రం వైపు పోతున్నాయి. ఆ తెట్టెల మధ్య ఇసుక పడవలు నీళ్లు అంచు తాకేంత లోతుకి మునిగి కదులుతున్నాయి. వాటి ముందు భాగాన ఎర్రరంగు వేసి పెద్ద పెద్ద కళ్లు గీశారు. మా గైడు నా వయసే ఉన్న ఆవిడ, ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ కళ్లుంటే పడవకి దారి తెలుస్తుందని, నీళ్లలో ఉండే చెడ్డవాటికి భయం వేస్తుందని చెప్పింది. మా ఆయన చాలాసేపు ఒక పడవ కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎండ పొగమంచు లోంచి వడగట్టినట్టు పడుతోంది. నాకు మళ్లీ నిద్ర కమ్ముకొచ్చింది.

మొదటి లంకలో కొబ్బరి మిఠాయి చేసేచోట ఆపారు. కొబ్బరిపాలు పెద్ద మూకుడులో దగ్గర పడుతున్నాయి. ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కనీ పల్చటి బియ్యం రేకులో చుట్టి, దాని మీద కాగితం చుడుతున్నారు. లోపలి రేకు తినేదేనట. వేడి మిఠాయి ముక్క చేతిలో పెట్టారు. అచ్చం మా అమ్మమ్మ చేసే కొబ్బరి లౌజు, యాలకులే తక్కువ. ఆయన నోట్లో వేసుకుని నమిలి, తియ్యగా ఉంది అన్నాడు. తియ్యగా ఉండటం వేరు, లౌజు వేరు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అక్కడినుంచి చిన్న పడవ మీద సన్న కాలవలోకి వెళ్లాం. ఇంజను లేదు. ముందొకావిడ, వెనకొకావిడ నిలబడి తెడ్డు వేస్తున్నారు. రెండు పక్కలా నీళ్లలోంచే లేచిన మట్టలు, మొదలు లేని కొబ్బరిచెట్లలా, పైన కలిసిపోయి పందిరి వేశాయి. వెలుతురు ఆకుపచ్చగా ఉంది. తెడ్డు నీళ్లలో మునిగిన చప్పుడు, దాని నుంచి కారిన చుక్కల చప్పుడు, అంతే. ఆటుకి నీరు తీసి గట్లు బయటపడ్డాయి. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు మా ఊళ్లో వచ్చే వాసనే అక్కడా వస్తోంది, బురద, కుళ్లిన ఆకు, చిన్న పీతల వాసన. చిన్నప్పుడు అలాంటి కాలవలో పడి చేపలు పట్టి, ఒళ్లంతా బురదతో ఇంటికెళ్లి తన్నులు తిన్న కథ పెళ్లయిన కొత్తలో ఆయనే నాకు చెప్పాడు. ఇప్పుడు అదే వాసన మధ్యలో, అదే మనిషి, ఏదీ తెలియకుండా కూర్చుని ఉన్నాడు. ఈ ఒక్క వాసన మాత్రం నేను చెప్పలేకపోయాను. ఆయన నా చెయ్యి మీద చెయ్యి వేసి, నీళ్ల వైపే చూస్తూ, నాకు తెలుసులే అన్నాడు.

కాలవ చివర ఒక ఇంటి దగ్గర దిగాం. భోజనం అక్కడే. అది బియ్యం రేకులు చేసే ఇల్లు. పెరట్లో వెదురు తడికల మీద గుండ్రటి రేకులు వరసగా ఎండుతున్నాయి, గాలికి చిటపటమంటున్నాయి. పాక కింద ఒక పెద్దావిడ ఆవిరి గిన్నె మూతికి బిగించి కట్టిన గుడ్డ మీద పిండినీళ్లు గరిటెతో పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా పరిచి, మూత పెట్టి తీసేసరికి రేకు తయారు. వెదురు పుల్లతో ఎత్తి తడిక మీద వేస్తోంది. నేను కదలలేకపోయాను. మా వైపు కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పిండినీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే పూతరేకు వస్తుంది. ఇక్కడ ఆవిరి, అక్కడ సెగ. మిగతాదంతా ఒకటే అనిపించింది.

అలా అనిపించడమే నా కొంప ముంచింది. ఏ దేశం వెళ్లినా నా హ్యాండ్‌బ్యాగులో చిన్న నెయ్యి సీసా ఒకటి, కారప్పొడి పొట్లం ఒకటి ఉంటాయి. భోజనాల బల్ల మీద ఎండిన రేకులు దొంతరగా పెట్టి ఉన్నాయి. ఒకటి తీసుకుని, కరిగిన నెయ్యి రాసి, కొబ్బరి మిఠాయి నలిపి చల్లి, మడత పెట్టబోయాను. ఫెళ్లున విరిగింది. విరిగిన ముక్కలనే పేర్చి, దీన్ని కూడా పూతరేకు అంటారు లెండి అని ఆయన చేతిలో పెట్టాను. నెయ్యి సీసా ఆయన ముక్కు కింద పెట్టి చూశాను కూడా. ఆయన తల అడ్డంగా ఊపి, ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. నమిలాడు, నమిలాడు. మింగలేక కక్కలేక అవస్థ పడుతున్నాడు. నేనూ ఒక ముక్క కొరికాను. ఉప్పగా, తోలు ముక్కలా పళ్లకి అంటుకుంది.

"బాగుంది," అన్నాడు ఆయన.

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. అంత చెడ్డ పూతరేకు భూమ్మీద ఎవరూ చేసి ఉండరు. దానికి కూడా వంక పెట్టని మనిషితో మిగతా జన్మంతా ఎలా గడపాలి.

రేకులు చేసే పెద్దావిడ దూరం నుంచి ఇదంతా చూస్తూనే ఉంది. చేతులు తుడుచుకుని వచ్చి, నెయ్యి పూసిన ముక్కలని రెండు వేళ్లతో పక్కకి నెట్టేసి, నవ్వుతూ మా మధ్య కూర్చుంది. గైడు పడవ వాళ్లతో మాట్లాడటానికి రేవుకి వెళ్లింది కాబట్టి మాటల్లేవు, చేతులే. ఆవిడ కొత్త రేకు తీసి నీళ్ల గిన్నెలో తిప్పింది. అది మెత్తబడి గుడ్డలా వేలాడింది. బల్ల మధ్యలో వేయించి నిలబెట్టిన పలకలాంటి పెద్ద చేప ఉంది, పొలుసులతో సహా. దాన్నుంచి తెల్లటి కండ గిల్లి రేకులో పెట్టింది. దాని మీద సేమ్యా, దోసకాయ ముక్క, పక్క పళ్లెంలోంచి రకరకాల ఆకులు. గట్టిగా చుట్టి, నిమ్మరసం, మిరపకాయలు వేసిన చేపల సాసులో ముంచి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు మా ఆయన నోటికి అందించింది.

ఆయన కొరికాడు. నమలడం మధ్యలో ఆగిపోయాడు. మొహం ముడుచుకుపోయింది. చుట్ట విప్పి, లోపలి ఆకులని వేలితో కెలికి, ఒకటి పైకి తీశాడు. చిన్న తమలపాకులా ఉంది, అడుగున కాస్త ఎరుపు.

"ఇదేంటే, ఈ ఆకు నీచు కంపు కొడతంది," అన్నాడు.

వాసన తెలిసిందని ఎగిరి గంతెయ్యబోయి ఆగాను. ఆకుకి నీచు వాసన ఏమిటి. డాక్టరమ్మ చెప్పింది ఇదే కదా. వస్తే వంకరగా వస్తుంది. ఇకనుంచి కొత్తిమీర చేపలా, కరివేపాకు ఇంకేదోలా, నా వంటంతా ఆయనకి కంపు కొడుతుందేమో. ఏమీ తెలియకపోవడమే నయమేమో. లోపల చేప ఉంది కదండీ, దాని వాసన అయ్యుంటుంది అన్నాను.

"చేప తెలీట్లేదు నాకు. ఆకే," అన్నాడు. పళ్లెంలోంచి ఇంకో ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఛీ అని తల వెనక్కి లాక్కున్నాడు. "నువ్వు చూడు."

నాకు చూడాలంటే భయం వేసింది. నా ముక్కుకి అది మామూలు ఆకు వాసన వేస్తే, ఆయన మొహం చూసి ఏం చెప్పాలి. ఇన్నాళ్లూ ఆయన నాతో చెప్పినట్టే నేనూ ఒక అబద్ధం చెప్పాలా. ఆకు తీసుకున్నాను. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కొరికాను.

పచ్చి చేప. సంతలో చేపల బుట్ట పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా. ఆకులోంచి, నిజంగా, ఆ ఆకులోంచే. ఇంత విడ్డూరమైన వాసన ఎవరూ ఊహించి చెప్పలేరు, పెళ్లాన్ని సంతోషపెట్టడానికి కూడా చెప్పలేరు. ఆయన ముక్కుకి అందింది, ఉన్నది ఉన్నట్టుగా, తిన్నగా అందింది. నేను పెద్దగా నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. పెద్దావిడ ఆకు మాకు పడలేదనుకుని కంగారుగా పళ్లెం తీసేయబోయింది. మా ఆయన రెండు చేతులతో పళ్లెం పట్టుకుని, "ఉండనీ అమ్మా," అని తెలుగులోనే బతిమాలాడు.

అక్కడ కూర్చుని ఆయన ఆ ఆకులే తిన్నాడు. ఒక ఆకు నోట్లో వేసుకోవడం, మొహం వికారంగా పెట్టడం, దీన్ని ఎలా తింటారే వీళ్లు అనడం, ఇంకో ఆకు అందుకోవడం. చేప చల్లారిపోయింది. కోళ్లు బల్ల కింద తిరిగాయి. తడికల మీద రేకులు చిటపటమంటూనే ఉన్నాయి. గైడు తిరిగొచ్చి, విదేశాల వాళ్లు ఆ ఆకుని మొదటిసారి ముట్టుకుంటే ఇంక వదిలేస్తారని, దాని పేరుకే చేప అనే మాట అంటుకుని ఉందని చెప్పింది. మా ఆయన గర్వంగా నా వైపు చూశాడు.

తిరుగు పడవలో ఆయన అన్నిటి వాసనా చూశాడు. తాడు, టోపీ, చెక్క, నా జడ. ఏదీ లేదు. నది మీద ఎండ వాలిపోయి నీళ్లు ఇత్తడి పళ్లెంలా మెరిశాయి. నేను ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. ఒక ఆకు వచ్చింది, మిగతావి వస్తాయో రావో.

స్లౌ వచ్చేశాక మళ్లీ మామూలే. పొద్దున్నే ఆయన రైలు, ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఫ్యాక్టరీల పేటలో నా ఆఫీసు, నెత్తి మీద విమానాలు. ఒకరోజు సబ్బు వాసన తెలిసిందనేవాడు, మర్నాడు లేదనేవాడు. నేను అడగడం మానేశాను. అడిగితే, నన్ను బాధపెట్టకూడదని మళ్లీ బాగుంది అంటాడేమోనని నా భయం. ఆయన మాట నమ్మాలంటే నాకు ఆ ఆకులాంటి సాక్ష్యం కావాలి.

మే నెలలో ఒక శనివారం పులుసు పెడుతూ మూకుడులో మెంతులు వేశాను. అంతలో అమ్మ ఫోన్ చేసింది. మాటల్లో పడి కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఆయన పడకగదిలో తలుపు వేసుకుని పడుకుని ఉన్నాడు.

"ఏమే, మెంతులు మాడిపోతున్నాయి," అని లోపలినుంచి అరిచాడు.

అలారం ఇంకా కూయలేదు. నా ముక్కుకే ఇంకా తెలియలేదు. వెళ్లి చూస్తే మూకుడులో మెంతులు నల్లగా ఉన్నాయి. అమ్మ ఫోన్‌లో పిలుస్తూనే ఉంది. నేను పొయ్యి ఆపకుండా అలాగే నిలబడిపోయాను. అప్పుడు అలారం మోగింది. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, తువ్వాలుతో అలారం కింద విసురుతూ, ఫోన్ పట్టుకుంటే నీకు ఒళ్లు తెలీదే అని గొణిగాడు.

ఆ మెంతులతోనే పులుసు పెట్టాను. చేదు వచ్చిందన్నాడు. చింతపండు పాతదన్నాడు. ఇంగువ మళ్లీ మర్చిపోయావన్నాడు. నిజమే, మర్చిపోయాను. ఇలా అయితే రేపటినుంచి తనే వండుకుంటానన్నాడు. నేను ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోశాను.